ముట్టకు

ఎడమచేత్తో జీడిపిక్కను కత్తుల మధ్య పెట్టి, కాలితో పెడలు నొక్కుతూ, పలాసలోని ఆ షెడ్డులో మౌనిక పొద్దున్నుంచి పిక్కలు కొడుతోంది. అరచేతులకు ఆముదం, దాని మీద బూడిద. అయినా తొక్కలోంచి చిమ్మే జీడి రసం వేళ్ల సందుల్లోకి దూరి చర్మం ఒలిచేస్తుంది. పెళ్లి ఫొటోలో చేతులు కొంగు కింద దాచుకున్న పెళ్లికూతురు ఆ వీధిలో ఆమె ఒక్కతే కాదు.

కూతురి బడినుంచి ఫోను.

"మళ్లీ రమ్మన్నాదా? ఆ టీచరమ్మకి నీ మీద మనసైనట్టుందే," అంది పక్క పీట మీది బుచ్చమ్మ.

"నా కూలి మీద కన్ను పడినాది," అంటూ లేచింది మౌనిక.

ఇందుమతి టీచరు కూర్చోమనలేదు. "చూడమ్మా, రెండో తరగతికొచ్చినా మీ ఇవాంజెలిన్ ఎవరి చెయ్యీ పట్టుకోదు. ఇవాళ పట్టుకోబోయిన పిల్లని తోసేసింది, మోకాలు చెక్కుకుపోయింది. ఇలాగైతే టీసీ ఇచ్చేయమంటున్నారు హెడ్‌మాస్టరు. ఇంట్లో నలుగురితో కలవడం నేర్పరా?"

"ఇంట్లో ఉండీది ముగ్గురమే. నాలుగో మనిసిని ఎక్కడినుంచి తెమ్మంతారు?"

"వెటకారాలొద్దు. పిల్లకి నీ నోరైనా వచ్చింది కాదు."

"మా పిల్ల ఎవుల్నీ ముట్టదా, మా పిల్లని ఎవులూ ముట్టరా? ముందు అది సెప్పండి."

టీచరు ముఖం మాడిపోయింది. "నువ్వే వచ్చి చూడు."

వాకిట్లో పిల్లలు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నారు. ఇవాంజెలిన్ చేతులు రెండూ చంకల్లో ఇరికించుకుని గోడకు ఆనుకుంది. "రాయే, నాను నీ పక్కనుంటాను," అంటూ మౌనిక చెయ్యి చాచింది.

పిల్ల వెనక్కి జరిగింది. "ముట్టకమ్మా. బొబ్బలెక్కిపోతాయి."

సెలవురోజుల్లో తన పీట వెనక కూర్చోబెట్టి, ఎవరినీ ముట్టకు, ఎవరినీ ముట్టనివ్వకు అని వీపు మీద ఒకటి వేసి మరీ నేర్పింది మౌనికే. నూటికి నూరు మార్కులొచ్చిన పాఠం అదొక్కటే. చేతులన్నీ అమ్మ చేతుల్లాంటివే అనుకుంది పిల్ల.

"షెడ్డులో జీడి అంటుకుంతాదని, ఎవుల్నీ ముట్టొద్దని నానే సెప్పినాను," అంది మౌనిక నేలకేసి చూస్తూ.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదా!"

"మీరడిగేరేటి? రమ్మనడం, తిట్టడం."

టీచరు సంచిలోంచి కొత్త సబ్బు తీసి, కుళాయి కింద చేతులు రుద్ది కడుక్కుని, పిల్ల ముందు చాపింది. ఇవాంజెలిన్ వంగి వాటిని వాసన చూసింది. తల్లికేసి చూసింది.

"పట్టుకోయే. బళ్లో సేతులు ఏటీ సెయ్యవు. నావే ముట్టకూడదు."

పిల్ల టీచరు చూపుడువేలు మాత్రం పట్టుకుని నడిచింది. గుండ్రం దగ్గర, మోకాలికి మందు రాసుకున్న పిల్ల చెయ్యి చాచింది. "పట్టుకో. తొయ్యకు మరి!"

వేలు వదిలేసి ఇవాంజెలిన్ ఆ చెయ్యి అందుకుంది. గుండ్రం కదిలింది. పిల్ల మళ్లీ తల్లివైపు తిరగలేదు.

"రేపు కూడా రావాలి," అంది టీచరు గట్టిగా.

"సూత్తాను," అంది మౌనిక అంతే గట్టిగా, గేటు దాటుతూ.

కుళాయి గట్టు మీద కొత్త సబ్బు, ఎవరూ తీసి పెట్టక, కారే నీటికి మెత్తబడిపోతూ ఉంది.