కాగిన నూనె

పులిహోర డబ్బా మూత బిగిస్తుంటే ముంజేతి మీద కట్టు జారింది. అప్పలలక్ష్మి దాన్ని పళ్ళతో లాగి మళ్ళీ ముడేసుకుంది.

"పొడుగు సేతుల జాకెట్టు తొడుక్కో. నలుగురూ వచ్చే సోటు" అన్నాడు మొగుడు నానాజీ, ఆ చేతివైపు చూడకుండానే.

నర్సీపట్నంలో కాలేజీ గ్రౌండులో రైతుల మేళా. కాగిన వంటనూనెతో తను ఇంట్లో తయారుచేసే డీజిలుకి అక్కడ స్టాలు ఇచ్చారని తెలిసినప్పట్నుంచీ నానాజీకి కాలు ఒకచోట నిలవడం లేదు. ఉద్యోగం గుమాస్తాదే గానీ ప్రాణమంతా ఈ డీజిలు మీదే. వాళ్ళ ఊరు బలిఘట్టంలో అందరూ ఆయన్ని సైంటిస్టు అంటారు. బజ్జీల బళ్ళ దగ్గర నల్లనూనె అడిగి తెచ్చేదీ, పాతచీరలో వడకట్టేదీ, తయారైన సరుకుని అందులో కలిపిన స్పిరిటు వదిలేదాకా నీళ్ళు పోసి పోసి కడిగేదీ అప్పలలక్ష్మి. మిథనాల్ అనే ఆ స్పిరిటు వాసనకి తల పగిలిపోతోందంటే "నీకు అన్నిటికీ తలనొప్పే" అనేవాడు. పెరట్లో చేసుకోండంటే "ఎండలో సావమంటావా?" అనేవాడు. అలా వంటిల్లు సగం ఆయనదైపోయింది. మొన్న ఆయన మూత పెట్టకుండా వదిలేసిన మిథనాల్ డబ్బా పక్కనే ఆమె టీకి స్టవ్వు వెలిగించింది. గుప్పున లేచిన మంట ముంజేతిని నాకేసింది. ఎలా కాలిందమ్మా అని ఆస్పత్రిలో నర్సు అడిగితే ఈమె నోరు తెరిచేలోపే "బూరెలేస్తుంటే నూనె పడిందండి" అనేశాడు. "అవునమ్మా, సూసుకోదు" అని వంతపాడింది అత్త దేముడమ్మ. అప్పలలక్ష్మి ఊరుకుంది. ఊరుకున్నందుకు, కాలినచోటుకన్నా లోపలెక్కడో ఎక్కువ మండింది.

ఆటోలో దారంతా కూతురు సౌందర్య నాయనమ్మ ఒళ్ళో కూర్చుని జెయింట్ వీల్ గురించే మాట్లాడింది. కొత్త నైలాన్ గౌను వేసుకుంది పిల్ల. స్టాలు సర్దగానే జనం మూగారు. సీసాలు తుడవడం, వచ్చినవాళ్ళకి టీలందించడం అప్పలలక్ష్మి వంతు. మేళా నడిపే పెద్దాయన మర్యాదకి "మేడమ్ కూడా సాయం చేస్తారా?" అనడిగాడు. "మా మిసెస్సాండీ? దీని వాసనే పడదు. ఇటువైపే రాదు" అన్నాడు నానాజీ. అందరూ నవ్వారు. నవ్వుతున్నవాళ్ళకే ఆమె టీలిచ్చింది.

మధ్యాహ్నం నానాజీ మైకు పట్టుకుని, బల్లమీది వత్తుల స్టవ్వులో డీజిలు పోశాడు. "ఎంత సేఫు అంటే, చిన్నపిల్లైనా వెలిగించొచ్చు. సౌందర్యా, ఇలా రామ్మా!" పిల్ల చేతిలో లైటరు పెట్టాడు. ఫోన్లు పైకి లేచాయి.

అప్పుడు తగిలింది వాసన. మిథనాల్. చెయ్యి కాలాక సరుకు ఆమె కడగలేదు. ఆయన కడిగి ఉండడు. పిల్ల గౌను స్టవ్వుకి జానెడు దూరంలో ఉంది.

ట్రే ఎక్కడ పడేసిందో ఆమెకే తెలీదు. జనాన్ని తోసుకుని వెళ్ళి పిల్ల చేతిలోంచి లైటరు లాక్కుంది.

"ఏటిది? పక్కకెళ్ళు" అన్నాడు నానాజీ, నవ్వు చెదరకుండా.

"సరుకు కడిగారా?"

ఆయన మైకుని చేత్తో మూశాడు.

"కడగలేదు. మిథనాల్ అలాగే ఉంది" అంది, పెద్దాయన వైపు తిరిగి. "నా సెయ్యి కాలింది దీనివల్లేనండి. బూరెల నూనె వల్ల కాదు." జాకెట్టు చెయ్యి పైకి లాగి కట్టు విప్పింది. ముందువరసలో ఒకామె "అయ్యో" అంది. పెద్దాయన గబగబా వచ్చి స్టవ్వునీ డబ్బానీ దూరంగా పెట్టించాడు.

దేముడమ్మ పరుగున వచ్చింది. "పదిమందిలో మొగుడి పరువు తీస్తావేటే! నీకేటి పోయేకాలం!"

"రేపు పిల్ల కాలినా బూరెలే అంటావా అత్తా?"

దేముడమ్మ మనవరాలి గౌను వైపు చూసి, పిల్లని దగ్గరికి లాక్కుంది.

నానాజీ మైకు కట్టేశాడు. ఆమె చెవి దగ్గరకొచ్చి, పళ్ళబిగువున అన్నాడు, "ఇంటికి పద. అక్కడ సెప్తాను నీ సంగతి."

పెళ్ళిళ్ళలో, బస్టాండుల్లో, చుట్టాల మధ్య, ఆమె ఎక్కడ నోరు విప్పినా ఈ మాటే. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఇల్లు చేరేదాకా కాళ్ళు చల్లబడిపోయేవి. ఇంటికెళ్ళాక తలుపులు మూసేవాడు.  ఇవాళ ఆమె పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, జనానికి ఎదురుగా కూర్చుంది. పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. 

"ఇంటికెందుకండీ? ఇక్కడే సెప్పండి."