సారక్క వాటా నడక

పన్నెండు సాంచాల నడుమ, అంటే మరమగ్గాల నడుమ, రోజుకు పన్నెండు గంటలు తిరిగే నరహరికి నడక ఒక లెక్కలోది కాదు. అందుకే దీపావళికి సూరత్‌లోని గోడాదరాలో మగ్గాలన్నీ ఆగినప్పుడు అక్కడినుంచి బాంద్రా మేరీమాత గుడిదాకా నడిచి పోతానని అతనంటే ఇంట్లో ఎవరూ నవ్వలేదు. కానీ తిరిగి కూడా నడిచే వస్తానన్నాడు. భార్య సారక్కకు అక్కడే అనుమానం తగిలింది.

ఆ ఏప్రిల్‌లో కరోనా రెండోసారి ఊరిమీద పడ్డప్పుడు సారక్క ఆస్పత్రిలో పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. నరహరిని లోపలికి రానివ్వలేదు. గేటు బయట పడిగాపులు పడుతున్న అతనికి ఆగ్నెస్ అనే నర్సు రోజూ కబురు చెప్పేది. ఆమెది బాంద్రా దారిలోని వసాయి. తమవైపు కిరస్తానీలు బాంద్రా కొండమీది తల్లికి మొక్కుకుని తాతల నాటినుంచీ కాలినడకన పోతారని ఒకరోజు మాటల్లో అంది. అప్పటికే రాజన్నకూ మల్లన్నకూ దారిలో కనబడ్డ ప్రతి గుడి జెండాకూ మొక్కేసి ఉన్న మనిషికి ఇంకో తల్లి ఎక్కువవుతుందా? అక్కడికక్కడే చేతులెత్తాడు. సారక్క బతికి బట్టకట్టింది.

ఇప్పుడు నవ్‌సారి, వల్సాడ్, దహాణు, వసాయి... ఏ చర్చి వసారాలో పడుకోనిస్తారో ఆగ్నెస్ ఫోన్‌లో చెబుతుంటే కూతురు నీరజ రాసుకుంది. ఫోన్ పెట్టగానే సారక్క అందుకుంది.

"పోంగ నడుస్తవ్, సరే. రాంగ రైలెక్కొచ్చు గద. సంగతేందయ్యా?"

"ఊకె."

"ఊకె రెండొందల యాభై కిలోమీటర్లు నడుస్తరా ఎవలన్న?"

"డాడీ, బోల్ దో నా, చెప్పెయ్. మమ్మీ ఇడ్వదు నిన్ను," అంది నీరజ.

నరహరి తల గోక్కున్నాడు. "ఇద్దరం నడిసొస్తమని మొక్కిన్నే. గాబరాల నోట్లకెళ్లి అట్లనే ఒచ్చింది. నీతోని గాదు గద. అందుకే రాంగ నడిసేది నీ వాటా."

జంటగా మొక్కింది జంటగానే తీర్చాలి. వాళ్లలో అది పెద్దల నాటి పద్ధతి. సారక్కేమో రెండో అంతస్తుకు ఎక్కాలంటే నడుమ రెండుసార్లు కూర్చునే మనిషి. ఆమెకు కోపమూ వచ్చింది, కడుపూ నిండింది. ఏది ముందు చూపించాలో తెలియక కాసేపు చాట ముందేసుకుని బియ్యం ఏరింది. తర్వాత కోపాన్నే చూపించింది.

"నా వాటా నువ్వు నడుస్తే ఇగ నేను బతికి ఏం లాభం? పోగు తెగితే సాంచా ఆపుతవ్. ముడేసి మళ్ల ఆన్నుంచే నడిపిస్తవ్. బట్ట తానంత ఒక్క పొద్దుల నేస్తున్నవా? మొక్కు సుత గట్లనే తీర్సుకుందాం. సుట్టీ దినం చాతనైనంత నడిసి, రైలెక్కి ఇంటికొద్దాం. మళ్ల వారం ఆగిన కాన్నుంచే నడుద్దాం."

ఇరవై రెండేళ్లుగా మగ్గం నడిపే తనకు ఇది తట్టలేదేమని నరహరికి సిగ్గేసింది. అయినా తల్లి ఒప్పుకుంటుందా అని మళ్లీ ఆగ్నెస్‌కు ఫోన్ చేయించాడు. తల్లికి తొందరేమీ లేదందామె. దీపావళి ప్రయాణం రద్దయింది. నీరజ ఫోన్‌లో లెక్కగట్టి, వారానికి నాలుగైదు కిలోమీటర్లయితే ఏడాది దాటుతుందని తేల్చింది.

మొదటి సెలవునాడు తమ దగ్గరి ఉధనా స్టేషన్ నుంచి బయలుదేరారు. మాస్కు కిందికి లాక్కుంటూ, టీ బండి కనబడ్డ చోటల్లా ఆగుతూ సారక్క నడిచింది. పక్క స్టేషన్ భేస్తాన్ చేరేసరికి మూడు గంటలు పట్టింది. బెంచీ మీద కూలబడి ఊపిరి పీల్చుకుంటున్న భార్యను చూస్తే నరహరికి పండగలా ఉంది. నీళ్లసీసా మూత తీసి ఇచ్చాడు.

"మస్తు నడిసినవే. వారం వారం జర జర పెంచుకుంట పోతే ఏడాది లోపల్నే తీరిపోతది."

సారక్క నీళ్లు తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"తొందరెందుకయ్యా? మొక్కు తీరేదాంక ఆ తల్లి నన్ను ఏడికీ తీస్కపోదు."

నరహరి సీసాకు మూత బిగించి పట్టాల వైపు చూశాడు. రైలు వచ్చే వేళయింది.

"అయితె మళ్ల వారం అవుతలి టేషన్ సచిన్ దాంక ఒద్దు తీయ్," అన్నాడు. "సగం దాంకనే పోదాం."