పళ్ళెం మోతకు తిరగని కుక్క

ఆ పొద్దున మబ్బులు పడమటి కొండ దాకా దిగివచ్చి, కురవక, తొలగక అక్కడే మొండికేసి నిలబడ్డాయి. చోళపురం నుంచి పశువుల ఆసుపత్రికి షేర్ ఆటోలో కుక్కను ఒళ్లో పెట్టుకుని వస్తున్నంతసేపూ జక్కమ్మ వాటినే చూసింది. పక్కన మొగుడి అన్న పెరుమాళ్‌సామి కూర్చున్నాడు.

కుక్క పేరు మల్లి. తెల్లటి ఒళ్లు, గులాబీ ముక్కు. గర్భసంచిలో చీము పట్టింది. వెంటనే కోసి తీయకపోతే బతకదని డాక్టరు యామిని చెప్పింది.

పెరుమాళ్‌సామి ఇంట్లో పుట్టిన కుక్కపిల్లలకు ఒక పరీక్ష ఉంది. కళ్లూ చెవులూ తెరుచుకున్నాక, వెనక నిలబడి ఇత్తడి పళ్ళెం మీద గరిటెతో కొడతాడు. తల తిప్పని పిల్ల ఆ ఇంట్లో ఉండదు. ఎక్కడికి పోయిందని ఎవరూ అడగరు. మల్లి వంతు వచ్చినప్పుడు అది జక్కమ్మ ఒళ్లో ఉంది. పళ్ళెం మోగింది. చీర మడత చాటున ఆమె వేలు పిల్ల డొక్కలో పొడిచింది. పిల్ల తల ఎత్తింది. బావ మెచ్చుకున్నాడు. ఆనాటి నుంచి ఆమె దాన్ని పిలవాలంటే కాలితో నేలను తడుతుంది.

ఇప్పుడు బల్ల మీద మల్లి నాలుక బయటికి వేలాడుతోంది. నాలుకకు ఒక క్లిప్పు, పక్కన టిక్కుటిక్కుమనే పెట్టె. మత్తులో ఉన్న కుక్క ఊపిరి, గుండె చూసే పని కాంపౌండర్ ముత్తుకుమార్‌ది. కాలు పట్టుకోమని జక్కమ్మను లోపలే ఉంచారు. తలుపు దగ్గర బావ.

ముత్తుకుమార్ కుక్క చెవి పక్కన గట్టిగా చప్పట్లు కొట్టాడు. చెవి కదల్లేదు.

"మయక్కం బాగా ఎక్కినాది మేడం. పిడుగు పడినా లేవదు. కోయండి."

యామిని కత్తి అందుకుంది. జక్కమ్మ చేతిలో మల్లి కాలు సన్నగా ముడుచుకుంది.

"ఆగండి డాక్టరమ్మా! దానికి చెవి వినపడదు."

"ఏమంటివి?" అన్నాడు బావ.

"పుట్టుచెవుడు. చప్పట్లు దానికి లెక్కే కాదు."

యామిని కత్తి పక్కన పెట్టి, కుక్క కంటి మూల వేలితో తాకింది. రెప్ప కొట్టుకుంది. నోరు తెరవబోతే దవడ బిగుసుకుంది.

"కోసుంటే లేచి కూర్చునేది. ఈ ఊరి తెల్లకుక్కల్లో పుట్టుచెవుడు మామూలే. మొదట అడగాల్సింది నేనే అడగలేదు." మందు ఇంకొంచెం ఎక్కించింది. "చప్పట్లు చాలు ముత్తూ. రెప్ప, దవడ, ఊపిరి చూడు."

"నా పళ్ళేనికి తల తిప్పినాది కదా అది?" బావ గొంతు లేచింది.

"తిప్పించింది నేను. వేలితో పొడిచినాను."

"ఎంత మోసం! నా వాకిట్లో చెవిటికుక్కా? ఊరు నవ్వదా? అది ఇంక ఇంటికి రాకూడదు."

జక్కమ్మ అంతవరకు బావ ముందు తల ఎత్తి ఎరగదు. ఎత్తింది.

"వస్తుంది బావా. రాకూడదంటే నేనూ రాను. మీ తమ్ముడికి మీరే వండి పెట్టండి."

"నోరు పెద్దదైనాది నీకు."

"మీకు వినపడినాది కదా, చాలు."

"కొట్లాట బయట పెట్టుకోండి" అంది యామిని. "అమ్మా, నువ్వు మాత్రం కాలు వదలద్దు."

బావ విసురుగా వెళ్లిపోయాడు. బస్సెక్కి ఊరికి పోయుంటాడనుకుంది జక్కమ్మ.

కుట్లు వేసేసరికి మధ్యాహ్నం దాటింది. కొవ్వు లేని ఒళ్లు, మత్తు నిదానంగా దిగుతుందని చెప్పి యామిని మల్లిని నేల మీద దుప్పట్లో పడుకోబెట్టించింది. ముత్తుకుమార్ దాని డొక్క మీంచి చూపు తీయలేదు. ఒకసారి పేరు పెట్టి పిలవబోయి నాలుక కరుచుకున్నాడు.

ఎంతకీ కళ్లు తెరవలేదు. జక్కమ్మ చెప్పులు విడిచి, దాని తల దగ్గర మడమతో నేలను తట్టింది. మళ్లీ తట్టింది. గులాబీ ముక్కు కదిలింది. తల బరువుగా ఆమె కాలి వైపు తిరిగింది.

కిటికీ అవతల బావ నిలబడి ఉన్నాడు. చేతిలో రెండు అన్నం పొట్లాలు.

"సాయంత్రం ఆటో చెప్పండి" అంది జక్కమ్మ. "మల్లి కూడా వస్తుంది."

అతను లోపలికి వచ్చి, ఒక పొట్లం ఆమె ముందుకు జరిపాడు. కుక్క పక్కన, నేల అదరకుండా మెల్లగా కూర్చున్నాడు. ఇద్దరూ పొట్లాలు విప్పుకుని తిన్నారు.