తుండుగుడ్డ క్రింది బేరము

గ్రీష్మమధ్యాహ్నమార్తాండుని ప్రచండకిరణపరంపరచేఁ గాఁగిన రేకుల కప్పుల నుండి సెగ లెగయుచు విక్రయశాలల యందు రాసులుగాఁ బోయఁబడిన పసుపుకొమ్ముల ధూళి వడగాలితోఁ గలిసి దుగ్గిరాల వీధులను వాకిళ్ళను ఆరవేసిన చీరలను సైతము సువర్ణచ్ఛాయాచ్ఛాదితములుగా నొనర్చుచున్న యొక మంగళవారము నాఁడు, మార్కెట్టు యార్డు వెనుకసందులోని పెంకుటింటి వసారాలో, ముప్పది వత్సరములు పసుపు బేరములలో మేటి దళారియని పేరు గాంచిన కోటిలింగయ్య మోకాళ్ళపై సెల్లుఫోను నిడుకొని యెడమచేతి బొటనవ్రేలితో మీటుచు ఱెప్ప వేయక చూచుచుండెను. అప్పటికి సమయము రెండు గంటలు. షేరుమార్కెట్టులో నాతఁడు కొన్న ఆప్షనునకు మూఁడున్నరకు గడువు తీఱును.

ఆ యార్డులో బేరము నోటితో జరుగదు. కొనువాఁడును అమ్మించువాఁడును ఎదురెదురుగా నిలిచి చేతులపైఁ దుండుగుడ్డ కప్పుకొని వేలనియో వందలనియో పైకి ఒక్క మాట పలికి అవి యెన్నియో వ్రేళ్ళు నొక్కి తెలుపుదురు. ఒక వ్రేలు నొక్కిన ఒకటి, చేయి మొత్తము పట్టి నొక్కిన అయిదు, ఏమియు నొక్కకున్న సున్న. చుట్టును నూర్గురు నిలిచి చూచుచున్నను గుడ్డ క్రింది సంఖ్య ఆ యిద్దఱికే యెఱుక. ఎదుటివాని వ్రేలిలోని సన్నని వడఁకును బట్టియే వాని యవసర మెంతటిదో పసిగట్టఁగల నేర్పరి కోటిలింగయ్య. అట్టివాని కుడిచేయి నెల క్రిందట కొమ్ములకు మెఱుఁగుపెట్టు పీపాయంత్రములోఁ జిక్కి అరచేతి నరములు తెగి వ్రేళ్ళు స్పర్శ గోల్పోయి కొక్కెములవలె వంగిపోయెను. గుంటూరి వైద్యుఁడు చూచి, గాయమైన నాఁటి నుండి ఆఱు వారముల లోపల శస్త్రచికిత్స జరిగినచో వ్రేళ్ళు లేచుననియు, అది దాఁటిన నెన్నటికిని లేవవనియు, ఊరక కూర్చున్నను దినదినము కొంత చెడుచునే యుండుననియుఁ జెప్పెను. భార్య నాంచారమ్మ తన రెండుపేటల గొలుసు నమ్మి ఆ పైకమును ఆతని ఖాతాలో వేయించెను.

బోసిపోయిన యామె కంఠము కంటఁబడినప్పు డెల్లఁ గోటిలింగయ్య చూపు త్రిప్పుకొనుచుండెను. చికిత్సకు ముందే ఆ పైకము నొకింత పెంచి, చికిత్సకుఁ గావలసినది పోఁగా మిగిలినదానితో గొలుసు తిరిగి తెచ్చి యామె మెడలో వేయవలెనన్న యాశ యాతనిఁ బట్టుకొనెను. ఫోనులో షేరుబేరముల పాఠములు చెప్పువారి మాటలు రేయనక పగలనక విని, సగము బోధపడి సగము బోధపడక, విజయవాడలో బ్యాంకుద్యోగము చేయుచున్న మేనకోడలు హిమజ ఆదివారము వచ్చినప్పు డామె నడిగి తెలిసికొనెను. ఈ వారములో షేరుల సూచీ ఒక మెట్టు దాఁటునని నమ్మువాఁడు కొంత పైకము కట్టి ఆప్షనను నొక హక్కు కొనును, దాఁటెనా లాభము, దాఁటకయే గడువు తీఱెనా కట్టిన దెల్ల నీటిపాలు, అని యామె విప్పి చెప్పఁగా ఆతఁడు నవ్వి, ఇది రైతుకు సరుకుపై నిచ్చు బయానాయే కదా యనెను.

"బయానా కాదు మావయ్యా. ఐసుగడ్డ కొన్నట్టు. నువ్వు ముట్టుకోకపోయినా కరుగుద్ది."

"ముప్పయ్యేళ్ళు బయానాలిచ్చినోణ్ణి, నాకు నువ్వు చెప్పేదేందే కోడలుపిల్లా. బ్యాంకులో ఏసీ కింద కూర్చుంటే యార్డు తెలుస్తదా?"

యార్డులో బయానా యిచ్చినవానికి గడువున సరుకెత్తుట కుదరకున్న రైతు మఱుసటి సంత వఱకు ఆగును. ఆ మర్యాద కోటిలింగయ్యకు ముప్పదియేండ్లలో నొక్కమాఱును తప్పలేదు. ఇచ్చటను అట్లే యుండునని యాతఁడు నమ్మెను. తొలివారము స్వల్పలాభము కలిగి యాతని కన్నులకుఁ బొరలు గప్పెను. రెండవవారము సగము పోయెను. ఆసుపత్రివారు చికిత్స తారీఖు వెనుకకు జరిపిరని భార్యతో బొంకి, పోయినదానిని రాఁబట్టు తొందరలో శుక్రవారము నాఁడు మిగిలిన దంతయు నొక్క ఆప్షనుపైఁ గుమ్మరించెను. సోమవారము సూచీ కదలలేదు. కదలకున్నను ఆప్షను ధర కరఁగెను, ఎండలోఁ బెట్టిన వెన్నవలె, ఆతఁడు చూచుచుండఁగనే, గంటగంటకును కరఁగెను.

ఆ మంగళవారము రెండు దాఁటిన పిమ్మట హిమజ ఫోను చేసి, ఇప్పటికిని మూఁడవవంతు చేతికి వచ్చును, దానితో ఆసుపత్రిలోఁ జేరవచ్చును, మిగిలినది తాను సర్దెదను, వెంటనే అమ్మివేయుమని బతిమాలెను. ఆతఁడు వినలేదు. రెండున్నరకు మూఁడవవంతు కాస్త పదియవవంతయ్యెను. మూఁడు గంటలకు ఆ వ్యాపారము నడుపు సంస్థకే ఫోను చేసి, తనకు రెండు దినములు వాయిదా యిప్పింపుఁడనియు, దానికిఁ బైన నేమైన నిచ్చుకొందుననియు వేఁడుకొనెను. అవ్వలనున్న యువతి మృదువుగా, గడువు పొడిగించుట యుండదని చెప్పెను.

"అమ్మినాయన ఎవరో చెప్పమ్మా, నేనే మాట్టాడుకుంటా. ఈ చుట్టుపక్కల మనిషైతే నా పేరు తెలిసే ఉంటది."

"అవతల ఎవరున్నారో మాకూ తెలీదు సర్. ఇంకేమైనా సాయం కావాలా సర్?"

కోటిలింగయ్య చేతినుండి ఫోను జాఱెను. బేరమనఁగా రెండు చేతులని యెఱిఁగిన యాతఁడు ఇన్నాళ్ళును చేయిలేనివానితో బేరమాడుచుండెనని యప్పటికిఁ దెలిసికొనెను. అమ్ముదమని మరలఁ జేతఁబట్టునప్పటికిఁ గొనువాఁడు లేఁడు. మూఁడున్నరకు అంకె సున్నయై నిలిచిపోయెను. ఇఁక గొలుసు లేదు. గొలుసు మాట యటుండఁగా చేయియును లేదు.

పసుపు ఏఱుటకుఁ బోయిన నాంచారమ్మ మోచేతుల దాఁక పచ్చనై తిరిగి వచ్చి, చూరు క్రింద శిలవలెఁ గూర్చున్న మగని మొగము చూచి యెదుటఁ జతికిలఁబడెను. ఆతఁడు భుజముపైఁ దుండుగుడ్డ తీసి ఇరువురి చేతులపైఁ గప్పి, తన యెడమచేతితో నామె చేయి పట్టుకొని, "లక్షలు" అని పైకి ఒక్క మాట పలికెను. ఆపై నే వ్రేలును నొక్కలేదు.

దళారి యిల్లాలు ఆమె. బోధపడుటకుఁ దడవు పట్టలేదు. ఆమె ఏడ్వలేదు. గుడ్డ తీయలేదు. మెల్లగా ననెను.

"తారీఖు జరిపారన్నావు. మొన్న నేను పోయి అడిగొచ్చా. వాళ్ళేం జరపలేదంట."

ఆతఁడు చేయి లాగికొనఁబోఁగా ఆమె విడువలేదు.

"రాత్రింబగళ్ళు ఆ ఫోన్లో అంకెలే చూస్తుంటే తెలీదా. ఎవడో తెలీనోణ్ణి వాయిదా అడిగుంటావు. యార్డులో నీ చెయ్యి పట్టుకోనోడు లేడు గదయ్యా. డాక్టరు చెప్పిన గడువింకా దాటలేదు. పొద్దున్నే పోదాం. ఆ చెయ్యే చూపిచ్చి అడుగుదాం. ఇచ్చినోళ్ళిస్తారు, లేనోళ్ళు లేదంటారు."

"ఏ మొహం పెట్టుకుని అడగమంటావే?"

ఆమె యాతని యెడమచేతిని విడిచి, ఇన్నాళ్ళును ఎవ్వరికిని అందనీయక ఒడిలో దాఁచుకొనుచున్న కుడిచేతిని లాగి గుడ్డక్రిందికిఁ దెచ్చి, "రోజులు" అనెను.

అని చేయి మొత్తము పట్టి నొక్కెను. ఆ నొక్కు మణికట్టుకడ మాత్రము సన్నఁగాఁ దెలిసెను. అయిదు. మరల నొక్కెను. పది. అంతట ఆమె వ్రేళ్ళు వదలి మఱియొకచోటికిఁ గదలినట్లు తోఁచెను గాని యెచ్చటికో తెలియలేదు. కన్నులతోఁ బనిలేక ముప్పదియేండ్లు గుడ్డక్రింది సంఖ్యలను చదివిన కోటిలింగయ్య, నీరు నిండిన కన్నులతో నా గుడ్డవైపే చూచెను. స్పర్శలేని యాతని చూపుడువ్రేలిపై, పసుపు మరకల యా పాతగుడ్డ, ఒక్కచోట, మెల్లగా లోనికిఁ గ్రుంగెను.

పదునొకండు.