తాబేలు తింటేనే ఉంటాను

మా అత్త షాద్లియా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగో కాలు తెచ్చి చేతిలో పెట్టినా, అది వేరే కుందేలుది అంటుంది.

ఆ సెప్టెంబరులో మా నాబుల్ ఊరి పాతబస్తీలో ఆవిడ ఉంటున్న ఇంటి కప్పు ఒక మూల విరిగి సరిగ్గా పొయ్యి మీద పడింది. ఆవిడ అప్పుడు నమాజులో ఉంది కాబట్టి బతికిపోయింది. మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి, గోడలు తట్టి చూసి, తలుపు మీద ఎర్రరంగుతో అడ్డంగా గీత కొట్టారు. మిగతా కప్పు మొదటి వానకి ఆగదన్నారు. బుద్ధున్న వాళ్ళెవరైనా మూట కట్టుకుని కొడుకింటికి వస్తారు. మా అత్త ఆ గీత కిందే కుర్చీ వేసుకుని కూర్చుంది.

“నా మొగుడి కప్పే ఇది. నన్ను చంపదు” అంది.

“చంపడానికే కదా అత్తయ్యా, పొయ్యి మీద పడింది?” అన్నాను.

“నీ నోరు పడిందే దాని మీద.”

వీధి వీధంతా చేరి బతిమాలింది. చివరికి ఆవిడ లేచి, అందరూ వినేటట్టు ప్రమాణం చేసింది. “సరే, వస్తాను. ఖుమ్సా కూడా వస్తుంది. అది ఆ ఇంట్లో మేత ముట్టిందా, ఉంటాను. వచ్చే శుక్రవారం దాకా ముట్టలేదా, దాన్ని చంకన పెట్టుకుని వెనక్కొచ్చేస్తాను. దేవుడి తోడు. అడ్డం వచ్చినవాళ్ళు నా పిల్లలే కారు.”

ఖుమ్సా అంటే ఆవిడ తాబేలు. పెళ్ళినాడు పుట్టింటి నుంచి తెచ్చుకుంది. ఇంటికి దిష్టి తగలకుండా మా వైపు తాబేలును ఉంచుకుంటారు. తాబేలు మేత ముట్టని ఇంట్లో బర్కత్ ఉండదు, ఏదీ కలిసిరాదంటారు. అందుకే ఆ ప్రమాణం విని నవ్విన వాళ్ళు ఎవరూ లేరు. మా ఆయన లమ్జద్ అయితే తలూపాడు కూడా. చేతిలో మట్టి పడితే ఎంత పెద్ద కూజా అయినా నిలబెడతాడు కానీ, తల్లి ముందు తనే ముద్ద అయిపోతాడు.

“నువ్వు తలూపావేంటయ్యా?” అన్నాను ఇంటికొచ్చాక. “ఒక తాబేలు నోరు మూసుకుందని మీ అమ్మ ఆ కప్పు కిందకి పోయి పడుకుంటుందా?”

“ప్రమాణం చేసింది కదా నజీహా.”

“అయితే దాని చేత తినిపించడం నా పని. చూస్తూ ఉండు.”

నేను పల్లెలో పుట్టిన దాన్ని. మా నాన్న పొలంలో తాబేళ్ళు వాటి మానాన అవి తిరిగేవి. ఎండ ఎక్కడ కాగుతాయో, ఎక్కడ దాక్కుంటాయో చూస్తూ పెరిగాను. ఖుమ్సా మాత్రం పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నున్నటి పలకల మీదే బతికింది. మా అత్త ముంగిలి కడిగిన రోజు పాపం జారుతూ నడిచేది. దానికి మట్టి రుచి చూపిస్తే ఎందుకు తినదు అనుకున్నాను.

ముందు పెరట్లో గన్నేరు చెట్టు పీకించాను. మా ఆయన ముచ్చటపడి పెట్టిన చెట్టే. దాని ఆకొక్కటి నమిలినా తాబేలు బతకదు, అందుకని ఆయన మొహం చూడకుండా పీకించాను. నారింజ చెట్టు దగ్గర మూల తీసుకుని చుట్టూ ఇటుకలు పాతించాను. పైకి మోకాలెత్తు, లోపలికి మూరెడు. తాబేలు పైకి ఎక్కడం కంటే కింద తవ్వి పారిపోవడమే ఎక్కువ. మట్టిలో ఇసుక కలిపి, పొద్దుటెండ తగిలేటట్టు ఏటవాలుగా పోశాను. మా ఆయన బట్టీలో పగిలిన నూనె జాడీని పడుకోబెట్టి సగం పూడ్చాను. అదే దాని ఇల్లు. నీళ్ళకి వెడల్పాటి మట్టి మూకుడు నేలకి సమంగా పాతాను. గోడ వెంట తాబేళ్ళు ఇష్టంగా తినే ఖుబ్బేజా ఆకు, షికోరీ మొక్కలు తెచ్చి నాటాను. నడుం పడిపోయింది. మా పెళ్ళప్పుడు ఈ ఇల్లు సర్దుకోవడానికి కూడా అంత కష్టపడలేదు.

మా అత్త వచ్చి చూసింది. “మేకల దొడ్డిలా ఉంది” అంది.

ఖుమ్సాని మట్టి మీద దింపాం. తల బయటపెట్టింది. ఒక కాలు మోపి, ఆ కాలు వెనక్కి తీసుకుంది. తర్వాత మెల్లగా నడిచి జాడీలోకి పోయి కూర్చుంది. ఆకు పెట్టాను, ముట్టలేదు. దోసకాయ పెట్టాను, చూడలేదు. ఆ మర్నాడూ అంతే. మా వీధి ఆడవాళ్ళకి సంగతి తెలిసి, పురిటింటికి వచ్చినట్టు ఒక్కొక్కరూ పళ్ళేలతో వచ్చారు. పుచ్చకాయ తొక్కలు, ఉడికిన గుమ్మడి, పాలల్లో నానబెట్టిన రొట్టె. ఒకావిడ గోధుమరవ్వ కుస్‌కుస్ కూడా తెచ్చింది, మాంసం ముక్కతో సహా. ఖుమ్సా అన్నింటినీ వాసన చూసి మొహం తిప్పుకునేది, అచ్చం దాని యజమానురాలిలాగే.

“నేను చెప్పలేదూ?” అనేది మా అత్త, కిటికీ దగ్గర తస్బీహ్ పూసలు తిప్పుకుంటూ. “దానికి ఈ ఇల్లు పడలేదు.”

నాకు లోపల భయం పట్టుకుంది. రోజూ పొద్దున్నే సముద్రం వైపు మబ్బు చూసేదాన్ని. ఆ కప్పు, దాని కింద ఆవిడ పరుపు, ఎప్పుడూ అవే కళ్ళ ముందు. అత్త మీద కోపం దుత్త మీద అంటారే, మా ఇంట్లో దుత్తలకేం లోటు. ఆ వారం చాలా పగలగొట్టాను.

బుధవారం నాడు దొడ్డి ఊడుస్తుంటే జాడీ వెనక తాబేలు రెట్ట కనిపించింది. పుల్లతో విప్పి చూశాను. నిండా గింజలు! గట్టి గింజలు, నాగజెముడు పండులో ఉండేలాంటివి. నాకు ప్రాణం లేచొచ్చింది.

“అత్తయ్యా! రెట్ట వేసింది! తింటోంది!” అని అరిచాను.

ఆవిడ తల తిప్పకుండా, “పాత ఇంట్లో తిన్నది అయ్యుంటుంది. దాని కడుపూ నా కడుపులాగే నిదానం” అంది.

పోయిన ప్రాణం లేచొచ్చినట్టే వచ్చి మళ్ళీ పోయింది. అయినా ఆశ చావక, పక్కింటి తిజానీ గారి కంచె నుంచి రాలిన పండొకటి తెచ్చి, ముళ్ళు తీసి, కోసి ఖుమ్సా మూతి దగ్గర పెట్టాను. అది ఆ పండుని చూసింది, నన్ను చూసింది, తల లోపలికి లాక్కుంది.

గురువారం తిజానీ గారు తలుపు తట్టారు. మంచి మనిషే కానీ తన నాగజెముడు కంచె సంగతి వస్తే మనిషి కాదు.

“అమ్మా నజీహా, అడగడానికి మొహమాటంగా ఉంది. మీ ఇంటికి పిల్లలెవరైనా వచ్చారా?”

“లేదే. ఏం?”

“మీ గోడవైపు పండ్లు రోజూ మాయమవుతున్నాయి. బాగా పండినవే చూసి చూసి కోస్తున్నారు. తెలిసిన చెయ్యే.”

“ఈ ఇంట్లో దొంగలు లేరు నాయనా!” అంది మా అత్త లోపలి నుంచి. ఆవిడని ఎవరూ ఏమీ అనలేదు. “ఉడతలు తినుంటాయి!”

“లల్లా,” అన్నారాయన మర్యాదగా, “నాబుల్‌లో ఉడతలు ఎక్కడివి?”

“అయితే పిట్టలు!”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అంటారు. నాకు అప్పుడే తట్టాల్సింది. కానీ నా బుర్ర నిండా శుక్రవారమే ఉంది.

ఆ శుక్రవారం పొద్దున్నుంచే ఆకాశం నల్లబడింది. మా అత్త తన మూట కట్టి గుమ్మం దగ్గర పెట్టింది. భోజనం అయ్యాక బయల్దేరతానంది. నేను ఏడుపు మింగుకుంటూ కుస్‌కుస్ ఆవిరి పట్టాను. పెద్ద పళ్ళెం మధ్యలో పెట్టి ముగ్గురం కూర్చున్నాం. లమ్జద్ బిస్మిల్లా అన్నాడు. మా అత్త చెంచా అందుకుంది, ఎడమ చేత్తో.

నేను ఆగిపోయాను. ఎడమ చేత్తో తింటే షైతాను పక్కన కూర్చుని తింటాడని, ఇంట్లో పిల్లా పెద్దా తేడా లేకుండా చేతి మీద చరిచిన మనిషి ఆవిడ. పెళ్ళయిన కొత్తలో నన్నూ చరిచింది. ఆవిడ కుడిచెయ్యి శాలువా కింద ఉంది.

“చెయ్యి చూపించండి” అన్నాను.

“తిను ముందు.”

“అత్తయ్యా, చెయ్యి చూపించండి.”

“వాతం పట్టింది. ముసలిదాన్ని, పట్టదా?”

నేను లేచి వెళ్ళి శాలువా లాగేశాను. వేళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. వెలుతురులోకి తిప్పి చూస్తే, సన్నటి పసుపు ముళ్ళు నూగులా పట్టి ఉన్నాయి. నాగజెముడు ముళ్ళు. మాకు అవి చూసి పోల్చుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

లమ్జద్ అన్నాడు, “అమ్మా, ఇదేంటి?”

నేను పట్టకారు తెచ్చి, ఆవిడ చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క ముల్లూ తీయడం మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

“తెల్లారుజామున నమాజు అయ్యాక ఆ పండ్లు కోసి పెట్టేదాన్ని” అంది. “కడుపు నిండా పెట్టేదాన్ని. అందుకే మీరిచ్చేది ముట్టేది కాదు.”

“మరి అది తినడం లేదని ఊరంతా చెప్పారు కదా!”

“అది తినకపోతేనే కదే నేను ఇంటికి పోగలిగేది? దాని నోరు కట్టేద్దామనే అనుకున్నాను మొదటిరోజు. ఆ జాడీలోంచి తల పెట్టి నన్ను చూసింది. ఎలా కట్టను? మనుషుల్ని పస్తు పెట్టగలను కానీ దాన్ని పెట్టలేకపోయాను.”

లమ్జద్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

“అంటే ఆ కప్పు కింద పడి చావడానికి ఇంత నాటకమా?”

“చావడానికి కాదే!” అరిచింది. “నీ ఇంట్లో ఏం చెయ్యమంటావు నన్ను? కూరలు తరుగుతానంటే ‘మీరు కూర్చోండి అత్తయ్యా’. ఊడుస్తానంటే ‘మీకెందుకు అత్తయ్యా’. కూర్చోబెట్టి పళ్ళెం ముందు పెడతావు. చచ్చినవాళ్ళకి కూడా అంత విశ్రాంతి ఉండదు. ఈ ఇంట్లో నా చేతి కోసం ఎదురుచూసేది ఆ తాబేలొక్కటే.”

పట్టకారు నా చేతిలో ఆగిపోయింది. ఆవిడని మహారాణిలా చూసుకుంటున్నానని వీధంతా మెచ్చుకుంటే పొంగిపోయాను నేను.

“నాకు భయం అత్తయ్యా” అన్నాను. “పొయ్యి మీద ఆ పెళ్ళలు చూసిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. మీరంటే నాకు ఒళ్ళుమంటే, కాదనను. కానీ మీరు లేకపోతే నేను ఎవరితో పోట్లాడాలి? ఈ మనిషితోనా?”

లమ్జద్ పళ్ళెం కాస్త పక్కకి జరిపాడు.

బయట చినుకులు మొదలయ్యాయి. ముందు నారింజ ఆకుల మీద, తర్వాత అంతటా. ముగ్గురం ఆ చప్పుడు వింటూ కూర్చున్నాం. ఎవరి మనసు ఎక్కడుందో అందరికీ తెలుసు. ఖుమ్సా జాడీలో తడవకుండా ఉందో లేదోనని మా అత్త మెడ చాచి కిటికీలోంచి చూసింది.

“దేవుడి తోడని ప్రమాణం చేశారు” అన్నాను మెల్లగా. “అది ఈ ఇంట్లో మేత ముడితే ఉంటానని.”

ఆవిడ మళ్ళీ జాడీ వైపు చూసింది.

“తిందా లేదా అత్తయ్యా?”

“తింది” అంది మా అత్త.

లమ్జద్ లేచి గుమ్మం దగ్గరి మూట లోపలికి తీసుకుపోయాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. వారం రోజుల తర్వాత, అడుగుదాకా. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు, తెలియనవసరం కూడా లేదనిపించింది. ఎంత కురవాలంటే అంత కురవనీ ఇంక.

మా అత్త ఆఖరి ముల్లు తీసేదాకా ఆగి, వేళ్ళు ఒకసారి ముడిచి చాచి చూసుకుని, కుడిచేత్తో చెంచా అందుకుని కుస్‌కుస్ నోట్లో పెట్టుకుంది. మొహం చిట్లించింది.

“ఉప్పు లేదు, ఏమీ లేదు. ఇన్నేళ్ళూ నా కొడుకు ఇదే తింటున్నాడా?”

ఇంకో రోజైతే ఆ మాటకి పళ్ళెం ఎగిరేది. ఆ రోజు లేచి వంటింట్లోకి వెళ్ళి, ఉప్పు డబ్బా తెచ్చి ఆవిడ చేతికిచ్చాను.