బోర్డు మీద పట్టిన మాటలు

ఎండల హెచ్చరిక బోర్డులు పదిహేను రాయమని నగరపాలక సంస్థవాళ్లు ఇచ్చిన కాగితం చూసి పెయింటరు తల గోక్కున్నాడు. అదంతా ఒకే వాక్యం. "వాతావరణ మార్పుల నేపథ్యంలో అధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే అవకాశమున్నందున" అని మొదలై, ముప్పైఎనిమిది మాటలు నడిచి, "తగు జాగ్రత్తలు పాటించవలసినదిగా మనవి" దగ్గర ఆయాసపడుతూ ఆగింది. బోర్డేమో నాలుగడుగులు. అన్నీ పట్టించాలంటే అక్షరాలు చీమల బారుల్లా రాయాలి.

అయినా ఒకటి రాసి, ఆరబెట్టి, వాళ్లక్కను పిలిచాడు. ఆమె ఇరవై ఏళ్లుగా వీధులు ఊడ్చే పనిలో ఉంది. అలాంటి బోర్డు ఎవరికి అవసరమో ఆమెకన్నా ఎవరికి తెలుసు? చీపురు గోడకానించి, కూడబలుక్కుంటూ సగం దాకా చదివింది.

"ఇది చదివేలోగా వడదెబ్బ కొట్టేస్తుందిరా," అంది.

మర్నాడు అతను బోర్డు చంకన పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. ఆ పని చూసే మేడమ్ కొత్తగా వచ్చినావిడ. ఆ వాక్యాన్ని ఏడు శాఖలు కలిసి ఆమోదించాయని, మార్చాలంటే మళ్లీ అందరూ కూర్చోవాలని చెప్పింది. చెబుతూనే బోర్డు చదవబోయి కళ్లజోడు కోసం తడుముకుంది. తన అవస్థకు తనకే నవ్వొచ్చింది. గురువారం సమావేశానికి అతన్నీ రమ్మంది.

సమావేశంలో అతను వాక్యమంతా నల్లబల్ల మీద రాసి, ఒక్కో మాట చెరిపి, కావలసినచోట తేలిక మాట రాయడం మొదలుపెట్టాడు. చెరిపినప్పుడల్లా ఒక్కో శాఖ ఉలిక్కిపడింది. 'నేపథ్యంలో' పోయినందుకు ఇంజనీరు నొచ్చుకున్నాడు. 'మనవి' పోతే మర్యాదే పోయిందన్నాడు ప్రచారం చూసే ఆయన. డాక్టరమ్మ మాత్రం లేచొచ్చి తన 'నిర్జలీకరణ'ను తనే తుడిచేసింది. గంటన్నర తర్వాత బల్ల మీద మూడు ముక్కలు మిగిలాయి: ఎండ ముదిరింది. నీడకు రండి. ఇక్కడ నీళ్లున్నాయి.

అందరూ బాగుందనుకుంటుండగా లాయరు గొంతు సవరించుకున్నాడు.

"ఇక్కడ అని రాశాక అక్కడ నీళ్లు లేకపోతే, మనం అబద్ధమాడినట్టేగా?"

పాత వాక్యంలో ఎవరూ ఏదీ చేస్తామనలేదు. అందుకే అంతమందికీ నచ్చింది.

"అయితే ముందు నీడ, కుళాయి," అంది మేడమ్. "ఆ తర్వాతే బోర్డు."

ఇన్ని పనులు ఇప్పటికిప్పుడు ఎలా అవుతాయని నీటి శాఖ ఆయన గొణిగాడు.

"రంగు కలపడానికి నాకు అరగంట చాలు సార్," అన్నాడు పెయింటరు. "కుళాయి బిగించగానే పిలవండి."

తొమ్మిదో రోజున మొదటి పిలుపు వచ్చింది. కూరగాయల మార్కెట్ మూలన రేకుల పందిరి, దాని కింద రెండు కుళాయిలు. అక్క అటుగా వస్తూ బోర్డు వైపు ఒక్క చూపు చూసి, చెత్తబండి ఆపి, తిన్నగా వెళ్లి కడుపునిండా నీళ్లు తాగింది. అంతకు మించిన మెచ్చుకోలు అతనికి అక్కర్లేకపోయింది.

ఎండలు తగ్గేనాటికి పదకొండు బోర్డులు లేచాయి. మిగిలిన నాలుగింటి కోసం మేడమ్ రోజూ పొద్దున్నే నీటి శాఖకు ఫోన్ చేస్తోంది. పదకొండోది బస్‌స్టాండులో. పెయింట్ ఆరలేదని చెప్పేలోపే, గ్లాసు పట్టుకున్న ఒక డ్రైవరు హాయిగా బోర్డుకు వీపు ఆనించాడు. అతని చొక్కాకు 'నీళ్లు' తిరగబడి అంటుకుంది. పెయింటరు కిరోసిన్ గుడ్డతో పరుగెత్తాడు.

"ఉండనీ అన్నా," అంటూ డ్రైవరు బస్సెక్కేశాడు.