నాలుగో గడి

యజ్ఞనారాయణ మోకాళ్ల మీద కూర్చుని గడ్డిని మొదలంటా కత్తిరిస్తున్నాడు. అడుగు చదరం ఇనుప చట్రంలో ఉన్నది మాత్రమే. ఒక్కో రకం గడ్డి ఒక్కో కాగితం సంచిలోకి. ఆ తర్వాత గొట్టం దిగేసి వేలెడు లోతు మట్టి. 1984 ఆగస్టు. కొలరాడో కొండల మీద, చెట్లు కూడా ఎక్కలేని పన్నెండు వేల అడుగుల ఎత్తు. యాభై నాలుగేళ్ల ఆయన పెదవులు చలిగాలికి పగిలి ఉన్నాయి. గోళ్లలో మట్టి తొమ్మిదేళ్లుగా పోలేదు.

కంచె బయట కొలతలకు గుర్తుపెట్టిన నాలుగు గడులు, లోపల నాలుగు. బయట గొర్రెలు మేస్తాయి. లోపలికి రాలేవు. గొర్రెల్ని ఆపితే నేల కోలుకుంటుందా? ప్రాజెక్టుకు ఉన్నది ఆ ఒక్క ప్రశ్నే.

కోలుకుంటోందనే అంకెలు చెప్పాయి. లోపలి మట్టిలో నేలకు సారమిచ్చే నత్రజని ఏటా పెరిగింది. ప్రాజెక్టు నడిపే డాక్టర్ కృష్ణమూర్తి పేపర్ రాశాడు. అందులో మూడో పేరు యజ్ఞనారాయణది. బాపట్లలో ల్యాబ్ డెమాన్‌స్ట్రేటర్‌గా, ఇక్కడ నర్సు హైమ భర్తగా, కొండమీద టెక్నీషియన్‌గా బతికిన మనిషి. టైపు చేసిన ఆ మొదటి పేజీని రోజుకోసారి తీసి చూసుకునేవాడు.

ఆరోజు కృష్ణమూర్తి కూడా కొండెక్కాడు. మధ్యాహ్నం యజ్ఞనారాయణ కంచె లోపలి మూలలో, బల్లపరుపు రాయి మీద కూర్చుని పెరుగన్నం తిన్నాడు. బయటంతా గొర్రెల పెంట. తిన్నాక క్యాన్‌లోని నీళ్లతో చెయ్యి కడిగాడు. డబ్బా తొలిచి ఆ నీళ్లు గడ్డిలో పారబోశాడు.

శాండ్‌విచ్ నములుతున్న కృష్ణమూర్తి ఆగిపోయాడు.

“రోజూ ఇక్కడేనా కడుగుతారు, యజ్ఞనారాయణ గారూ?”

“మరి? ఎంగిలి డబ్బా అలాగే పట్టుకెళ్తే హైమ గుమ్మం తొక్కనివ్వదండీ.”

“ఇది నాలుగో గడి కదా?”

యజ్ఞనారాయణ కిందికి చూశాడు. కాళ్ల దగ్గర గడ్డి ఒత్తుగా, నల్లగా కనిపించేంత పచ్చగా ఉంది. లోపలి మిగతా మూడు గడులు కంచె బయటివాటిలాగే పలచగా, పాలిపోయి ఉన్నాయి. తొమ్మిదేళ్లు కత్తిరించాడు. ఒక్కసారీ ఆ తేడా చూడలేదు.

కృష్ణమూర్తి ఆయన కొలతల నోట్‌బుక్ లాక్కుని పాత అంకెల్లో నాలుగో వరుస కొట్టేశాడు. మళ్లీ సగటు కట్టాడు. లోపలా బయటా ఒక్కటే.

“డిఫరెన్స్ లేదు. నథింగ్. నైన్ ఇయర్స్‌గా మనం మీ పెరుగన్నాన్ని స్టడీ చేశామండీ!” నవ్వబోయి మానేశాడు. “మీరు చెప్పొద్దు. నేను చూడలేదనుకుంటాను. గ్రాంట్ రిన్యూ అవుతుంది, పేపర్‌లో మీ పేరుంటుంది.”

“అంటే నేల కోలుకోలేదన్నమాట.”

“మన లైఫ్‌టైమ్‌లో కోలుకోదు.”

యజ్ఞనారాయణ నోట్‌బుక్ వెనక్కి తీసుకున్నాడు. ఆనాటి పేజీలో పెన్సిల్ నొక్కిపట్టి రాశాడు: ‘నాలుగో గడి లెక్కలోంచి తీసేయాలి. 1975 నుంచి నేనిక్కడ చెయ్యి కడుక్కున్నాను.’ కింద సంతకం పెట్టాడు.

“మీ జాబ్ కూడా పోతుందండీ!”

“తెలుసండీ. ఆ సంచి ఇలా ఇవ్వండి, గాలికి పోతుంది.”

చీకటి పడేలోగా మిగతా గడులన్నీ కత్తిరించాడు.

గ్రాంట్ రాలేదు. అక్టోబరులో ఉద్యోగం పోయింది. ఫిబ్రవరిలో ఒక ఉదయం, వాకిట్లో మంచు తీస్తూ పార మీదికి ఒరిగి ప్రాణం విడిచాడు. జూన్‌లో పనివాళ్లు వచ్చి కంచె తీగ చుట్టుకుపోయారు. గొర్రెలు అంతటా మేశాయి. రెండు గుంజల మధ్య గేటు ఒక్కటే, వేసిన తాళంతో, అలాగే నిలబడి ఉంది.